నాన్నగారి స్టీరియో

మా నాన్నగారు స్వర్గస్థులైన తరువాత అటక మీది నుండి దింపిన వస్తువులలో ఒక స్టీరియో రికార్డు ప్లేయరు, జంట స్పీకర్లు, నలభై రికార్డులు ఉన్నాయి. 1974లో ఘంటసాల మరణానంతరం వెలువడిన భగవద్గీత వాటిలో ఒకటి. యంత్రాన్ని పాతసామానులవాడికి వేయడమే మేలన్నారు ఇంటివారు. నాకు మనసొప్పలేదు.

ఆత్రం కొద్దీ ప్లగ్గు పెట్టబోగా, రేడియోలు బాగుచేసే మిత్రుడొకరు వారించారు. ఏళ్ల తరబడి మూలనపడిన యంత్రానికి ఒక్కసారిగా విద్యుత్తు ఇవ్వరాదట. ఆంప్లిఫయరులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ద్రవం కాలక్రమాన ఎండిపోతుంది. అవి చెడితే తక్కిన భాగాలకూ ముప్పే. పళ్లెమును త్రిప్పే రబ్బరు బెల్టు సాగిపోతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగవలసిన రికార్డు మందగించి, గాయకుని శ్రుతి దిగిపోతుంది.

ఇవన్నీ మార్చదగినవే. భయపడవలసినది అరిగిన ముల్లును చూచి. స్టీరియో రికార్డు గాడికి రెండు గోడలుంటాయి. ఒక గోడలో ఎడమ స్పీకరు ధ్వని, రెండవ దానిలో కుడి స్పీకరు ధ్వని నిక్షిప్తమై ఉంటాయి. అరిగి అంచు తేలిన ముల్లు ఆ గోడలను చెక్కివేస్తుంది. బెల్టు మరొకటి దొరుకుతుంది. చెరిగిన గాడి మరల రాదు. అటువంటి ముల్లుతో రికార్డు వినడం, తాళపత్రాన్ని తడిచేత్తో తిరగవేయడం వంటిదే.

బెల్టును, కెపాసిటర్లను, ముల్లును మార్పించాను. చెక్కపెట్టెకు కొత్త మెరుగు పెట్టిస్తానని మిత్రుడు అన్నప్పుడు మాత్రం వద్దన్నాను. ధ్వని పెంచే మీట పక్కన నాన్నగారి బొటనవ్రేలు ఒరసి నున్నబడిన చోటు ఒకటి ఉంది.

మొదట భగవద్గీతను పెట్టలేదు. గీతలు పడి పాడైన రికార్డు నొకదానిని తిప్పి, ముల్లు నడకను, వేగాన్ని సరిచూసుకున్నాను. ఆ తరువాతనే దానిని కవరులో నుండి వెలికితీశాను.