ఒక్క రాత్రికి ఇంత హంగామానా?

సాయంత్రం అయిదింటికి అమలాపురంలో ఆఫీసు వదిలినవాడు చీకటి ముదరకముందే ఓడలరేవు చేరుకోవచ్చు. దూరం ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. రాత్రి ఆ చుట్టుపక్కల ఎక్కడో పడుకుని, పొద్దున్నే ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్లీ వేళకి తన కుర్చీలో కూర్చోవచ్చు. సెలవు చీటీ రాయక్కర్లేదు. ఈ ఆలోచనకు ప్రపంచంలో పేరు తెచ్చినవాడు అలస్టేర్ హంఫ్రీస్ అనే ఇంగ్లండు సాహసయాత్రికుడు. 2001లో సైకిలెక్కి నాలుగేళ్లు ప్రపంచం చుట్టి వచ్చిన మనిషి. అంత తిరిగినవాడు 2014లో ‘మైక్రో అడ్వెంచర్స్’ అని పుస్తకం రాసి, ఇంటికి దగ్గర్లోనే ఒక్క రాత్రి ఆరుబయట పడుకుని రండి చాలన్నాడు. తొమ్మిది నుంచి అయిదు దాకా ఉద్యోగానిది సరే, అయిదు నుంచి తొమ్మిది దాకా పదహారు గంటలు మనవే కదా అని ఆయన వాదన.

మన ఇళ్లలో ఈ మాట ఎత్తి చూడండి. “ఒక్క రాత్రి కోసం ఇంత హంగామా ఏంటండీ? డాబా మీద పడుకుంటే సరిపోదా?” అంటుంది ఇంటావిడ. “వెళ్తే మారేడుమిల్లి వెళ్దాం బావా, బొంగులో చికెన్ తినొచ్చు” అంటాడు బావమరిది. ఆవిడ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు, కాస్త ఆగి చూద్దాం. బావమరిది సలహాను మాత్రం ఇక్కడే పక్కన పెట్టొచ్చు. అమలాపురం నుంచి రాజమండ్రి మీదుగా మారేడుమిల్లి నూటయాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. రానూ పోనూ కనీసం ఎనిమిది గంటలు బండిలోనే. రెండు మూడు రోజులకైతే హాయిగా వెళ్లి రండి. ఒక్క రాత్రికైతే మిగిలేది ప్రయాణమే. దారిలో గడిపే సమయం, అక్కడ కళ్లు తెరిచి ఉండే సమయంలో నాలుగో వంతు దాటకూడదని నేను పెట్టుకున్న కొలత.

అసలు చిక్కు దూరంతో కాదు, నిద్రతో. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టదని మన పెద్దవాళ్లకు తెలిసిందే. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో దానికి కారణం చూపించారు. అలవాటు లేని చోట మొదటి రాత్రి గాఢనిద్రలో ఉన్నా, మెదడు ఎడమ సగంలో కొంత భాగం పూర్తిగా నిద్రపోకుండా కాపలా కాస్తుందట. చిన్న అలికిడికి ఉలిక్కిపడేది అదే. మళ్లీ అదే చోట పడుకోబెడితే రెండు సగాల మధ్య ఆ తేడా కనిపించలేదు. దీన్నిబట్టి ఒక్క రాత్రి యాత్రలో మనకు దక్కేది ఆ అరకొర నిద్రే. పొద్దున ఒళ్లు నొప్పులతో ఇంటికొచ్చి “ఇంత కష్టపడి సాధించిందేమిటి?” అనుకోవడంలో వింతేమీ లేదు. కాలేజీ రోజుల్లో ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి వెళ్లి వారం రోజులు ఏదో ఊరి బడిలో పడుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటి రాత్రి శాపనార్థాలు, మూడో రాత్రికి గురకలు. వారం ఉన్నవాడికి ఆ అలవాటు దానంతటదే వస్తుంది. ఒక్క రాత్రివాడు దాన్ని మరోలా సంపాదించుకోవాలి. మళ్లీ వెళ్లాలి. అదే చోటికి వెళ్లాలి.

కోనసీమకు ఇదేం కొత్త కాదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లను చూడండి. దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. రాజోలు వైపు నుంచి బస్సుల్లో కొందరు, నరసాపురం వైపు నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి కొందరు వస్తారు. చేతిలో ఓ సంచి, అందులో ఓ దుప్పటి. కల్యాణం చూసి, దొరికిన చోట నడుం వాల్చి, తెల్లవారాక సముద్రస్నానం చేసి, రథం చూసుకుని ఇంటికి. ఏళ్ల తరబడి వచ్చేవాళ్లకు అక్కడ తమదంటూ ఓ మూల ఉంటుంది. దాన్ని క్యాంపింగ్ అని వాళ్లు అనుకోరు, వ్యక్తిత్వ వికాసమని అసలే అనుకోరు.

రైతుల సంగతి ఇంకా దగ్గరిది. నూర్పిళ్ల రోజుల్లో కళ్ళంలో ధాన్యం రాశి పక్కన కాపలా పడుకోవడం, కొబ్బరితోటలో మకాం పాక దగ్గర పశువులతో రాత్రి గడపడం నిన్నమొన్నటిదాకా చాలా ఇళ్లలో ఉన్న పనే. అందులో సరదా ఏమీ లేదు. అయినా పదిహేనేళ్ల కుర్రాడికి చీకటి భయం పోయింది అక్కడే. కోత మిషన్లు వచ్చాక ఆ రాత్రులు తగ్గిపోయాయి కానీ మకాంలు ఎక్కడికీ పోలేదు. మీకు లేకపోతే మీ మేనమామకు ఉంటుంది. కాబట్టి మనవాళ్లు చెయ్యాల్సిన మొదటి పని డేరా కొనడం కాదు, మేనమామకు ఫోన్ చెయ్యడం.

అదే చోటికి వెళ్తుంటే శ్రమ కూడా తగ్గిపోతుంది. మొదటిసారి సంచి సర్దడానికే ఆదివారం సగం గడిచిపోతుంది. టార్చి దొరికితే బ్యాటరీలుండవు, దోమతెర దొరికితే తాళ్లుండవు. రెండోసారి గంటలో అయిపోతుంది. ఆ తర్వాత ఆ సామాను సంచిలోంచి బయటికి తియ్యడమే మానేస్తారు. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, కాలకృత్యాలకు ఎటు వెళ్లాలో, గాలి ఏ వైపు నుంచి వస్తుందో అన్నీ తెలిసిపోతాయి. శ్రమకు తగ్గ ఫలితం ఉందా అని ఒకే ఒక్కసారి వెళ్లినవాణ్ణి అడిగితే లేదనే చెబుతాడు, నిజమే చెబుతాడు. రీల్స్ చూసి ప్రతిసారీ కొత్త చోటు వెతుక్కునేవాడు వెళ్లిన ప్రతిసారీ ఆ మొదటి రాత్రి కష్టాన్నే మళ్లీ టిక్కెట్టులా కొంటూనే ఉంటాడు.

ఇంతకీ మనిషిలో మారేదేమిటి? ఒక రాత్రి బయట పడుకుంటే నాయకత్వ లక్షణాలు పెరుగుతాయని చెప్పేవాళ్లను నమ్మకండి. ఉద్యోగులను రిసార్టుకు తీసుకెళ్లి తాడు లాగించే శిక్షణల మీద కూడా నాకు పెద్ద గురి లేదు. మార్పు అంతకంటే చిన్నది, అందుకే నమ్మదగింది. వెళ్లొచ్చిన ప్రతిసారీ సంచిలో ఒకటో రెండో వస్తువులు తగ్గుతాయి. రెండో దిండు, స్పీకరు, చిప్స్ ప్యాకెట్లు, మడత కుర్చీ, ఒక్కొక్కటే ఇంట్లో ఆగిపోతాయి. ఏది లేకపోయినా జరుగుతుందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తెలుస్తుంది. ఇంకొకటి చికాకును దిగమింగుకోవడం. ఇంట్లో కరెంటు పోతే లైన్‌మేన్‌ని తిడతాం. మకాం దగ్గర రాత్రి రెండింటికి దోమ చెవిలో పాడితే తిట్టడానికి ఎవరూ దొరకరు. డాబా మీద పడుకుంటే ఈ పాఠం ఎందుకు రాదో ఇక్కడే తెలుస్తుంది. డాబాకు మెట్లుంటాయి. చిరాకు పుట్టగానే దిగిపోయి ఫ్యాను కింద చేరతాం.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి. కొలరాడో యూనివర్సిటీకి చెందిన కెన్నెత్ రైట్ బృందం, 2013లో అచ్చయిన అధ్యయనం కోసం, ఎనిమిదిమందిని వారం రోజులు కొండల్లో ఉంచింది. టార్చి లేదు, ఫోను లేదు, సూర్యుడు, నెగడు, అంతే. వాళ్ల ఒంట్లో నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ అనే హార్మోను పెరగడం దాదాపు రెండు గంటలు ముందే మొదలైంది. 2017లో అచ్చయిన అదే బృందం వారాంతం యాత్ర అధ్యయనంలో, రెండు రాత్రుల్లోనే వారం రోజుల మార్పులో 69 శాతం వచ్చేసింది. ఒక్క రాత్రికి ఎంత వస్తుందో ఈ లెక్కలు చెప్పవు, నేనూ ఊహించి చెప్పను. మన ఒంట్లో గడియారం మనం అనుకున్నంత మొండిది కాదని మాత్రం తేలింది. వెళ్లిన రాత్రి తొమ్మిదింటికే ఫోను కట్టేసి చూడండి.

ఒక షరతు. ఎవరికి వెళ్లాలని ఉందో వాళ్లే సంచి సర్దాలి. ఆయనగారు సరదా పడితే ఆవిడ పులిహోర కలిపి, దుప్పట్లు మడిచి, పిల్లల మందులు వెతికి, తిరిగొచ్చాక అన్నీ ఉతికి ఆరేస్తే, ఆ యాత్ర ఆవిడకు అదనపు చాకిరీ తప్ప మరేమీ కాదు. అక్కడ వంట కూడా పెట్టుకోవద్దు. పులిహోర, పెరుగన్నం బయట కట్టించుకోండి, తోటలో బొండాలు ఎలాగూ ఉంటాయి. ఇక నలుగురు మగాళ్లు సీసాలతో గట్టు మీద చేరడాన్ని సిట్టింగు అంటారు, దాని గురించి నేను రాయడం లేదు.

జాగ్రత్తల విషయంలో మన నేల మన నేలే, విదేశీ వీడియోలు పనికిరావు. కొబ్బరిచెట్టు కింద మంచం వెయ్యకండి. కాయ పడినా మట్ట పడినా ప్రమాదమే. చెట్టుకూ చెట్టుకూ పాతికడుగుల దూరం ఉంటుంది కాబట్టి నాలుగు చెట్ల నడిమి ఖాళీ చూసుకోవాలి. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు, గాటు కూడా సరిగ్గా కనబడదు. అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నులక మంచం వేసి, దోమతెర అంచులు పక్క కిందికి దోపుకుంటే దోమకూ పాముకూ కలిపి ఒకటే మందు. నేపాల్ తరాయి ప్రాంతంలో చేసి 2007లో అచ్చువేసిన అధ్యయనంలో దోమతెర రాత్రి పాముకాట్లను బాగా తగ్గిస్తుందని తేలింది. సముద్రం దగ్గరైతే పోటు వేళ కనుక్కోండి. సుమారు పన్నెండున్నర గంటలకోసారి వస్తుంది, అమావాస్యకూ పౌర్ణమికీ ఇంకా పైకి వస్తుంది. తీరంలో రాత్రి ఉండొచ్చో లేదో ఊళ్లో అడిగి తెలుసుకోవాలి. వరదల రోజుల్లో గోదావరి లంకల జోలికి అస్సలు పోవద్దు. నవంబరు కూడా నమ్మదగ్గది కాదు, 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు.

ఆ రోజుల్లో మంచు బాగా కురుస్తుంది. దోమతెర, దుప్పటి తెల్లారేసరికి చెమ్మగిల్లి ఉంటాయి. అలాగే కుక్కి అటకెక్కిస్తే మన గాలికి వారంలో బూజు పట్టి, మళ్లీ వెళ్లబుద్ధి కాకుండా చేస్తాయి. ఆఫీసుకు ఎంత ఆలస్యమవుతున్నా తాడు మీద ఆరేసి వెళ్లండి. సాయంత్రం పిల్లల చేత మడతపెట్టించి, అదే సంచిలో, అదే వరుసలో పెట్టించండి.