కూలిన విమానముల జాడ తెలిసికొను విధము

చరిత్ర పుస్తకములలో మాత్రమే యుండునని మన విద్యార్థులలో ననేకులు తలంచుచుందురు. కాని కొండలలో పడియున్న రేకుముక్కనుండియు నొక మనుష్యుని కథను తెలిసికొనవచ్చును. అది యెట్లో యొక నిజమైన యుదాహరణముతో నిచ్చట వివరింప నెంచితిమి.

1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. ఆ నెల తుదిలోనే జపానువారు బర్మాలోని లాషియో పట్టణమును పట్టుకొనగా, చైనాకు సరకులు పోవుచుండిన బర్మా రోడ్డు తెగిపోయెను. అంతట అమెరికావారు అస్సాములో, తేయాకు తోటల నడుమనున్న చబువా మొదలగు విమానాశ్రయములనుండి, హిమాలయముల తూర్పుకొసమీదుగా చైనాలోని కున్మింగునకు సామగ్రిని చేరవేయసాగిరి. ఈ మార్గమునకు వైమానికులు ‘హంప్’, అనగా మూపురము, అని పేరిడిరి. 1945వ సంవత్సరమువరకు సుమారు 6,50,000 టన్నుల సామగ్రి యీ దారిని పోయినది. మంచువలనను, పెనుగాలులవలనను వందలకొలది విమానములు కూలిపోయెను.

1944వ సంవత్సరము జనవరి 25వ తేదీన ‘హాట్ యాజ్ హెల్’ అను పేరుగల బి-24 విమానము ఎనమండుగురితో కున్మింగునుండి చబువాకు బయలుదేరి, మరల కానరాలేదు. దాని శకలములను 2006వ సంవత్సరమున, అరుణాచల ప్రదేశములోని దమ్రో గ్రామ సమీపమున, క్లేటన్ కూల్స్ అను అమెరికా పర్వతారోహకుడు కనుగొనెను.

ఇట్టి పరిశోధనకు మూడు సాక్ష్యములు కావలయును.

మొదటిది స్థానికుల మాట. పటములలో లేని సంగతి వేటగాండ్రకు తెలిసియుండును. అయినను జ్ఞాపకము సంవత్సరముల విషయమున తరచుగా పొరబడును.

రెండవది లోహము. తోకమీదను, ఇంజనులకు బిగించిన పలకలమీదను సంఖ్యలుండును. కాని యొక విమానపు టింజనును మరియొకదానికి మార్చుటయు కలదు. కావున ఒక్క పలకను జూచి నిశ్చయింపరాదు.

మూడవది కాగితము. 1943వ సంవత్సరము మొదలుకొని అమెరికా వైమానికదళమువారు కానరాకపోయిన ప్రతి విమానమునకును నివేదిక వ్రాసిరి. అందులో సిబ్బంది పేర్లు, మార్గము, నాటి వాతావరణము, ఇంజనుల సంఖ్యలు సయితము చేర్చిరి. ఈ మూడును ఏకీభవించినప్పుడే విషయము స్థిరపడును.

ఇంత శ్రమ యెందులకని యడుగవచ్చును. ఆ విమానములోని రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అను అధికారి యవశేషములు గుర్తింపబడి, 2017వ సంవత్సరమున జార్జియా రాష్ట్రములోని అతని స్వగ్రామమున సమాధి చేయబడినవి. అతడు పోయి అప్పటికి 73 సంవత్సరములు. కన్న తలిదండ్రులు ఆ దినమును చూడకయే గతించిరి.

కావున ఇట్టి తావులలో కనబడిన వస్తువును జ్ఞాపకార్థమని యింటికి తెచ్చుట తగదు. సంఖ్యగల పలక తొలగిన యెడల, ఆ విమానమున ప్రయాణించినవారి పేర్లను తెలిసికొను ఆధారము తొలగినట్లే. పేలని గుండ్లుండుటచే ప్రాణాపాయమును కలదు. చూచినది చూచినట్లు వ్రాసికొని, అధికారులకు తెలుపవలయును.

మన గ్రామములలో వృద్ధులు యుద్ధకాలపు ముచ్చట లెన్నియో చెప్పుదురు. విద్యార్థులు వానిని వ్రాసికొనునప్పుడు చెప్పినవారి పేరును, తావును, వారు స్వయముగా చూచిరో, ఇతరులవలన వినిరో ఆ సంగతిని వేరువేరుగా గుర్తింపుడు. పిమ్మట వచ్చు పరిశోధకునకు అదియే మొదటి సాక్ష్యమగును.