పాదము క్రింది కమానులు

బురదలో పడిన మనిషి అడుగుజాడను పరికింపుడు. మడమయు, వ్రేళ్ల మొదళ్లును నిండుగా పడి, నడుమ లోపలి వైపున నేల అంటకుండ మిగిలిపోవును. పాదము యొక్క నేర్పంతయు ఆ మిగిలిన చోటనే యున్నది.

ఒక్కొక్క పాదమునందు 26 ఎముకలు కలవు. అవి పలకవలె పరచియుండక, రాతి వంతెన కమానువలె వంగి అమరియున్నవి. లోపలి అంచున ఎత్తయినది, వెలుపలి అంచున తక్కువ ఎత్తుగలది, పాదమునకు అడ్డముగా నుండునది – ఇట్లు కమానులు మూడు.

వీనిలో లోపలిది ముఖ్యము. దాని శిఖరమున చీలమండ ఎముక బిగిసియుండి శరీరభారమును మోయును. అయితే రాతి కమానునకు లేని సుగుణము దీనికున్నది. మడమ నుండి వ్రేళ్ల మొదళ్ల వరకు అరికాలిలో గట్టి నారపట్టీ యొకటి వింటినారివలె కట్టబడియున్నది. అడుగు మోపినపుడు కమాను కొంచెము అణగి అదురును మ్రింగును. మడమ లేచి వ్రేళ్లు వంగినపుడు నారి బిగిసి, కమాను మరల లేచి, పాదము గట్టిపడి మనిషిని ముందునకు నెట్టును. పిక్క లోతునుండి దిగివచ్చు స్నాయువు ఈ కమానును పైకి పట్టియుంచును. బస్తాలు మోయు కూలికి నిత్యము తోడుపడునది ఈ ఏర్పాటే.

పసిబిడ్డల అరికాలు చదునుగా నుండుట చూచి తల్లులు కలవరపడుదురు. అచ్చటి క్రొవ్వు దళసరి వలనను, కీళ్ల బంధనముల మెత్తదనము వలనను అట్లు కనిపించును. చాలమందికి పదేండ్ల లోపల వంపు ఏర్పడును. బిడ్డ మునివ్రేళ్లపై నిలిచినపుడు వంపు కనబడి, నొప్పి లేనిచో చికిత్స అక్కరలేదు. పాదము బిగుసుకొనియున్నను, నొప్పియున్నను వైద్యునికి చూపవలెను.

మన దేశపు వైద్యులు రావు, జోసెఫ్ 4 నుండి 13 ఏండ్ల వయసుగల 2,300 మంది పిల్లల పాదముద్రలను పరీక్షించి 1992లో ఫలితములు ప్రకటించిరి. పాదరక్షలు వాడువారిలో నూటికి 8.6 మందికి, వాడనివారిలో 2.8 మందికి చదునుపాదములుండెను. ముందు మూసియుండు బూట్లు తొడుగువారిలో ఇది అధికము.

అంతమాత్రమున పిల్లలను వట్టికాళ్లతో తిరుగనిచ్చుట తగదు. మలముతో కలుషితమైన తడినేలలోని కొంకిపురుగు పిల్లలు పాదముల చర్మమును తొలిచి ప్రవేశించి రక్తహీనత కలిగించును. బయట చెప్పులు, ఇంటిలో వట్టికాళ్లు మేలు. బడిలో బూట్లు పంచునపుడు వ్రేళ్లు ఇరుకుపడకుండ కొలతలు తీయించుట సభ్యులు చూడవలసిన పని.

పెద్దలలో వేరొక అపాయము కలదు. మధుమేహము వలన స్పర్శ నశించిన పాదములో ఎముకలు విరిగి కమాను కుంగుచున్నను రోగికి అంతగా తెలియదు. అట్టివారి పాదము ఎర్రబడి, వెచ్చగా వాచినచో, నొప్పి లేదని ఊరకుండరాదు. ఆ కాలు నేల మోపనీయక, ఆ దినముననే ఆసుపత్రికి చేర్పవలెను.