గొట్టము ద్వారా ఆహారము: కుటుంబము, సంఘము నేర్చుకోవలసిన పాఠము



మన తెలుగువారము ఏ రాష్ట్రములో స్థిరపడినా ఒక అలవాటును మాత్రము విడువలేదు. ఎదురుపడిన వారిని మొదట "భోజనము అయ్యిందా?" అని అడుగుతాము. జబ్బుపడిన వారిని చూడబోతే పండ్లో, ఇడ్లీలో, జావ పోసిన క్యారియరో చేతిలో లేకుండ వెళ్లము. మన ప్రేమను మనము అన్నముతోనే తెలియజేస్తాము. అటువంటి ఇంట ఒక రోజు డాక్టరు వచ్చి, "ఇకమీదట నోటితో ఏమీ పెట్టవద్దు, గొట్టము వేయాలి" అని చెబితే ఆ కుటుంబము తల్లడిల్లుతుంది. "ఇక ఆశ లేదేమో" అని ఒకరు, "కడుపు మాడ్చుచున్నారు" అని మరొకరు అనుకుంటారు. ఈ రెండు తలంపులు సరియైనవి కావు.

పాఠ్యోద్దేశము: గొట్టము ఎందుకు వేస్తారు, ఆసుపత్రిలో ఏమి జరుగుతుంది, ఇంటికి వచ్చిన తరువాత ఎట్లు చూసుకోవాలి, సంఘము ఏమి చేయాలి అనే నాలుగు సంగతులు తెలుసుకొనుట. వీటన్నిటిలో ముఖ్యముగా జ్ఞాపకముంచుకోవలసినది ఒకటి ఉన్నది. మింగలేని మనిషికి ప్రేమతో పెట్టిన ఒక్క చెంచా కూడ ప్రాణముమీదికి తేగలదు. కావున మన ప్రేమ క్రొత్త త్రోవ నేర్చుకోవాలి.

1. మింగుట ఎందుకు కష్టమవుతుంది?

మన గొంతులో రెండు త్రోవలున్నవి. ఒకటి కడుపునకు, ఒకటి ఊపిరితిత్తులకు. మనము మింగునప్పుడు ఊపిరి త్రోవపై ఒక చిన్న మూత పడుతుంది. ఎప్పుడైన అది సమయానికి పడకపోతే పొలమారుతుంది. అప్పుడు తలమీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటాము. దగ్గు వచ్చి ఆ మెతుకును బయటికి నెట్టివేస్తుంది గనుక మనకు అపాయము కలుగదు.

అయితే పక్షవాతము వచ్చినవారిలో, తలకు గట్టి దెబ్బ తగిలినవారిలో, కండరములు క్షీణించే కొన్ని నరముల వ్యాధులలో ఈ ఏర్పాటు చెడిపోతుంది. కొందరికి దగ్గు కూడ రాదు. నీళ్లు, జావ చప్పుడు లేకుండ ఊపిరితిత్తులలోనికి దిగి న్యుమోనియా కలుగజేస్తవి. చూచేవారికి మాత్రము "చక్కగా త్రాగాడు" అనిపిస్తుంది. నోటి, గొంతు క్యాన్సరు రోగులకు, ఆసిడ్ వంటిది మ్రింగి ఆహారనాళము కాలిన వారికి త్రోవ మూసుకొనిపోవుట వలన గొట్టము అవసరమవుతుంది.

2. రెండు విధములైన గొట్టములు

మొదటిది ముక్కు గుండ కడుపులోనికి వేసే సన్నని గొట్టము. మన ఆసుపత్రులలో దీనిని రైల్స్ ట్యూబు అంటారు. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లండు వైద్యుని పేరు దీనికి వచ్చింది. కొద్ది వారములకు సరిపోతుందనుకొన్నప్పుడు దీనిని వేస్తారు. మత్తు ఇవ్వనక్కరలేదు. ముక్కునుండి చెవి తమ్మె వరకు, అక్కడనుండి రొమ్ము ఎముక చివర వరకు కొలిచి, అంత పొడవు లోనికి పంపుతారు. వేసేటప్పుడు వాంతి వచ్చినట్లు ఉంటుంది, కండ్ల నీళ్లు వస్తవి. కొన్ని నిమిషములలో పని ముగుస్తుంది.

రెండవది పొట్ట గోడ గుండ నేరుగా కడుపులోనికి వేసే గొట్టము, అనగా పెగ్ ట్యూబు. ఎండోస్కోపు సహాయముతో దీనిని వేసే పద్ధతిని మైఖేల్ గౌడరర్, జెఫ్రీ పాన్‌స్కీ అనే అమెరికా వైద్యులు 1980లో ప్రకటించారు. అంతకుముందు ఇందుకు పొట్ట కోసి ఆపరేషను చేయవలసి వచ్చేది. సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములకు మించి గొట్టము అవసరమైతే దీనిని ఆలోచిస్తారు. ముఖముమీద గొట్టము ఉండదు, చొక్కా క్రింద కనబడదు, ముక్కు ఒరుసుకొనిపోదు.

గొట్టము వేసినంత మాత్రాన అది జీవితాంతము ఉండాలని లేదు. పక్షవాతము వచ్చినవారిలో చాలమందికి మొదటి వారములలోనే మింగే శక్తి కొంత తిరిగి వస్తుంది. మింగుటను పరీక్షించి అభ్యాసము చేయించువారు స్పీచ్ థెరపిస్టులు. ఈ వృత్తివారికి శిక్షణ ఇచ్చు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో మైసూరులో ఆరంభమైనది. మీ ఆసుపత్రిలో ఇటువంటివారు ఉన్నారేమో తప్పక అడుగవలెను.

3. ఆసుపత్రిలో ఉన్న దినములు

పెగ్ వేయుటకు ముందు కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచుతారు. రక్తము పలచబరచే మాత్రలు వాడుచున్నట్లయితే ముందుగానే డాక్టరుకు చెప్పాలి. మన ఇష్టము వచ్చినట్లు వాటిని మానరాదు. గొట్టము వేసిన తరువాత ఒకటి రెండు దినములు పొట్టలో నొప్పి ఉండుట సహజము.

మొదటి దినములలో ఆహారము చాల కొద్దిగా ఇస్తారు. "ఇంత తక్కువా?" అని కోపపడవద్దు. చాల దినములు తిండి లేనివారికి ఒక్కసారిగా ఎక్కువ పోస్తే రక్తములోని లవణములు తారుమారై గుండెకు అపాయము కలుగుతుంది.

ముక్కు గొట్టము వేసిన వెంటనే అది కడుపులోనే ఉన్నదని నిర్ధారణ చేయాలి. గొట్టమునుండి లాగిన రసమును కాగితముతో పరీక్షించి ఆమ్లగుణము చూస్తారు, లేక ఎక్స్‌రే తీస్తారు. గాలి పంపి స్టెతస్కోపుతో చప్పుడు వినే పాత పద్ధతి ఒక్కటే చాలదు. ఆ తరువాత ముక్కు దగ్గర గొట్టముమీద ఒక గుర్తు పెట్టించుకొనండి. ఆ గుర్తే ఇకమీదట మీకు కొలబద్ద.

మన సంఘములవారికి భాష మరియొక చిక్కు. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు కన్నడము, తమిళము, మరాఠీ, ఒరియా ధారాళముగా మాట్లాడుతారు. కాని రాత్రివేళ మంచము ప్రక్కన ఉండేది ఇంటి పెద్దమ్మగారు. ఆమెకు రెండు మాటలైన రావాలి. దగ్గును కన్నడములో కెమ్ము, తమిళములో ఇరుమల్, మరాఠీలో ఖోకలా, ఒరియాలో కాశ అంటారు. వాంతిని కన్నడములో వాంతి అనే అంటారు. తమిళములో వాంది, ఒరియాలో బాంతి, మరాఠీలో ఉలటీ. ఈ రెండు మాటలు కాగితముమీద తెలుగు అక్షరములతో వ్రాసి ఆమె చేతికి ఇవ్వండి.

4. ఒక చెంచా కాఫీ సంగతి

మేము పరామర్శకు వెళ్లిన ఒక వార్డులో పక్షవాతము వచ్చిన పెద్దాయన ఉన్నారు. ముక్కులో గొట్టము. మాట లేదు. సైగలతో కాఫీ అడుగుచున్నారు. భార్య ఫ్లాస్కు మూత తీసి చెంచా చేత పట్టుకున్నది. నలభై ఏండ్లుగా ఆయనకు ఉదయపు కాఫీ ఆమె చేతులతోనే ఇచ్చింది. నర్సమ్మ వచ్చి చేయి పట్టుకొని ఆపింది. ఆమెకు తమిళము రాదు, నర్సమ్మకు తెలుగు రాదు. ఆమె ఏడ్చింది.

నర్సమ్మ గద్దించలేదు. తడిపిన దూదితో ఆయన పెదవులు, నాలుక తుడిచి చూపింది. తరువాత సిరంజిని భార్య చేతికి ఇచ్చి, ఎంత ఎత్తున పట్టుకోవాలో తన చేతితో సరిచేసింది. పాలు మెల్లగా దిగుచుండగా ఆమె వంగి, "ఏమండీ, పాలు నేనే పోస్తున్నాను" అని చెప్పింది. ఆయన ఆమె వైపు చూచారు. డిశ్చార్జి అయ్యేనాటికి ఆ పని ఆమెకు బాగుగా వచ్చింది.

కావున ఇంటికి పంపకముందే, ఆసుపత్రిలోనే, కనీసము ఇద్దరు నర్సు ఎదుట స్వయముగా చేసి నేర్చుకోవాలి. చూచి నేర్చినది వేరు, చేసి నేర్చినది వేరు.

5. ఇంటిలో ప్రతిదినము చేయవలసినవి

(అ) చేతులు సబ్బుతో కడుగుకొనండి. ముక్కు దగ్గర గుర్తు మారలేదని చూడండి. మారితే ఏమీ పోయవద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

(ఆ) రోగిని దిండ్ల ఆసరాతో తల, రొమ్ము ఎత్తుగా ఉండునట్లు కూర్చుండబెట్టండి. పోసిన తరువాత కూడ అరగంట నుండి గంటవరకు అట్లే ఉంచండి. వెల్లకిల పడుకొనియున్నవారికి ఎన్నడు పోయవద్దు.

(ఇ) ముందు సుమారు 30 మిల్లీలీటర్ల మంచినీళ్లు, తరువాత ఆహారము, చివర మరల 30 మిల్లీలీటర్ల నీళ్లు. సాధారణముగా పెద్దవారికి ఒక పూటకు 200 నుండి 250 మిల్లీలీటర్లు ఇస్తారు. మీ రోగికి ఎంత అన్నది డాక్టరు లేక డైటీషియన్ చెప్పినదే లెక్క.

(ఈ) సిరంజిని నొక్కవద్దు. ఎత్తి పట్టుకుంటే దానంతట అదే దిగాలి. పదిహేను ఇరువది నిమిషములు పట్టినా తొందరపడవద్దు.

(ఉ) ఇంటిలో చేసిన ఆహారమైతే మెత్తగా రుబ్బి, సన్నని జల్లెడలో వడగట్టండి. రాగిజావ చల్లారిన కొలది చిక్కబడి గొట్టములో పట్టుకుంటుంది, పలుచగా చేయండి. ప్రతి పూటకు అప్పటికప్పుడు చేయుట మేలు. మిగిలినది దాచి మరల వాడవద్దు.

(ఊ) మందులను ఆహారములో కలుపవద్దు. ఒక్కొక్కటి వేరుగా నూరి, నీళ్లలో కలిపి ఇచ్చి, మధ్యలో నీళ్లు పోయండి. కొన్ని మాత్రలు నూరకూడనివి. ప్రతి మాత్రను గూర్చి అడిగి తెలుసుకొనండి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకొనేవారికి పూట ఆహారము తప్పితే చక్కెర ప్రమాదకరముగా పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకొనండి.

(ఋ) నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు పండ్లు తోమాలి. దీనిని చాలమంది మరచిపోతారు. శుభ్రము లేని నోటిలో పెరిగిన క్రిములు ఉమ్మితో ఊపిరితిత్తులకు దిగుతవి.

(ౠ) పెగ్ ఉన్నవారికి గొట్టము చుట్టును సబ్బునీటితో శుభ్రము చేసి తడి లేకుండ తుడవండి.

6. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సూచనలు

పోయునప్పుడు దగ్గు, ఆయాసము, పెదవులు నీలము తిరుగుట కనబడితే తక్షణము ఆపండి. జ్వరము, పొట్ట గట్టిపడుట, తీవ్రమైన నొప్పి, రక్తము, గొట్టము ప్రక్కనుండి చీము కారుట కూడ అపాయ సూచనలే. పెగ్ ఊడివస్తే గుడ్డతో కప్పి అప్పుడే బయలుదేరండి. ఆ రంధ్రము కొద్ది గంటలలోనే మూసుకొనిపోవచ్చును. మీరు మరల లోనికి త్రోయవద్దు. ముఖ్యముగా వేసిన మొదటి వారములలో అది కడుపులోనికి గాక ప్రక్కకు పోతే ప్రాణాపాయము.

7. గొట్టము అందరికి మేలు చేయునా?

ఈ ప్రశ్నను దాటిపోరాదు. జ్ఞాపకశక్తి పూర్తిగా క్షీణించిన మతిమరపు వ్యాధి చివరి దశలో గొట్టము ఆయుష్షును పెంచుతుందని గాని, న్యుమోనియాను ఆపుతుందని గాని నిదర్శనము లేదు. అమెరికా వృద్ధుల వైద్య సంఘమువారు 2014లో ఈ దశలో గొట్టము కంటె ఓపికతో, జాగ్రత్తతో చేతితో తినిపించుటనే సిఫారసు చేశారు. పక్షవాతము సంగతి వేరు, ఇది వేరు. కావున "ఈ గొట్టము వలన మేము ఏమి ఆశించవచ్చును? ఎంతకాలము? వేయకపోతే ఏమగును?" అని ఈ మూడు ప్రశ్నలు డాక్టరును అడుగుట కుటుంబము హక్కు. వద్దనుకొన్న కుటుంబమును "తిండి పెట్టలేదు" అని నిందించుట తగదు. వేయించిన కుటుంబమును "ఎందుకు బాధపెట్టారు" అనుటయు తగదు.

8. సంఘము చేయవలసినది

రోగి ఎదుట క్యారియరు విప్పవద్దు. ఆ క్యారియరును కాపలా ఉన్నవారికి ఇవ్వండి, వారే సరిగా తినరు. ప్రార్థన క్లుప్తముగా చేయండి. ప్రక్క మంచములవారు కూడ రోగులే. వంతులు వేసుకొని రాత్రికి ఒకరు ఉంటే ఇంటివారు నిద్రపోగలరు. భాష వచ్చిన యౌవనులు డాక్టరు వచ్చే వేళకు అక్కడ ఉండండి.

ప్రభురాత్రి భోజనమును గూర్చి ఒక మాట. మింగలేని విశ్వాసికి రొట్టె ముక్క గాని, రసము గాని డాక్టరు అనుమతి లేకుండ నోటిలో పెట్టరాదు. పళ్లెమును ఆయన చేతికి అందించి, కుటుంబమువారు ఆయన ప్రక్కన కూర్చుండి తీసుకొనవచ్చును. అది జ్ఞాపకము చేసికొనుటకు గదా. జ్ఞాపకమునకు గొంతు అడ్డము కాదు.

ఇంటికి వచ్చిన తరువాత కూడ, అందరు భోజనమునకు కూర్చున్నప్పుడు ఆయన ఇష్టపడితే ఆ గదిలోనే ఆయనకును పోయండి. బల్ల దగ్గర తన చోటు పోయిందనే బాధ ఆయనకు ఆకలికంటె ఎక్కువగా ఉండవచ్చును.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. పొలమారినప్పుడు దగ్గు రాకపోవుట ఎందుకు ఎక్కువ అపాయము?
2. ఆహారమునకు ముందు, తరువాత నీళ్లు ఎందుకు పోయాలి?
3. గొట్టము వేయుటకు ముందు డాక్టరును అడుగవలసిన మూడు ప్రశ్నలేవి?
4. మీ సంఘములో ఇప్పుడు మంచమున ఉన్నవారెవరు? ఈ వారము వారి ఇంట ఒక రాత్రి ఎవరు ఉంటారు? పేరు వ్రాయండి.