కెర్నెల్ మెమొరీని పేజీలుగా పంచు విధము

ఆపరేటింగ్ సిస్టములోని ముఖ్యభాగమునకు కెర్నెల్ అని పేరు. యంత్రపు మెమొరీలో ఏ ప్రోగ్రామున కెంత చోటియ్యవలెనో నిర్ణయించునది ఇదియే. ఆ చోటును బైట్ల లెక్కను గాక పేజీల లెక్కను పంచును. సామాన్యముగా పేజీ యనగా 4,096 బైట్లు, అనగా 4 కిలోబైట్లు. ఈ పద్ధతికి 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున నడచిన అట్లాస్ యంత్రము మార్గము చూపినది.

ప్రోగ్రాము చెప్పు చిరునామా వేఱు; మెమొరీలో ఆ విషయము నిజముగా నుండు చోటు వేఱు. మొదటిదానినిబట్టి రెండవదానిని కనుగొనుటకు పేజీపట్టిక కలదు. అందులో సాధారణముగా నాలుగు మెట్లు దిగవలెను. మాటిమాటికి దిగుట ఆలస్యము గనుక, ప్రాసెసరు తాను ఇటీవల చూచిన చిరునామాలను చేతిచీటివంటి చిన్న పట్టికలో నుంచుకొనును. దీనిని టి.ఎల్.బి. యందురు. అందు 1,536 గడులున్నవనుకొనుడు. గడికొక 4 కిలోబైట్ల పేజీ చొప్పున 6 మెగాబైట్ల మెమొరీయే దానికందును. పేజీ 2 మెగాబైట్లదైనచో అవే గడులకు 3 గిగాబైట్లందును. ఒక మెట్టు దిగుటయు తప్పును. తొమ్మిదవ తరగతివారు ఈ లెక్కను స్వయముగా వేసి చూడవచ్చును.

అట్లయిన అన్నిటిని పెద్దపేజీలే చేయరాదా? చేయరాదు. పెద్దపేజీ యొకటి 512 చిన్నపేజీలకు సమానము. పది కిలోబైట్లు చాలు ప్రోగ్రామునకు 2 మెగాబైట్లిచ్చినచో మిగిలినదంతయు వ్యర్థము. అంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి: పెద్దపేజీకి ఎడతెగని చోటు కావలెను. గిడ్డంగిలో నూఱు మిరప టిక్కీలకు చాలిన చోటున్నను, అది మూలమూలల చెదరియున్నచో నూఱు టిక్కీల వరుస నెక్కడ పేర్తురు?

ఈ చెదరుటను తగ్గించుటకు లినక్స్ కెర్నెల్ జంటల పద్ధతిని వాడుచున్నది. దీనిని కెన్నెత్ నోల్టన్ 1965లో వివరించెను. 32 పేజీల ఖండముండగా 4 పేజీలు కావలసివచ్చినచో, దానిని 16, 16గా చీల్చి, ఒక సగమును 8, 8గాను, అందొక సగమును 4, 4గాను చీల్చి యిచ్చును. తిరిగి వచ్చినప్పుడు తన జంట ఖాళీగా నున్ననే కలియును. 0, 1 పేజీలు ఒక జంట. 2, 3 మఱియొక జంట. 1, 2 ప్రక్కప్రక్కనే యున్నను కలియవు. మన పర్చూరు చేలలో గట్టు కిటునటు నున్న రెండు మళ్లు వేర్వేరు ఇండ్లవారివైనచో గట్టు తీయలేముగదా!

అప్పటికిని చెదరినచో కెర్నెల్ పేజీలను ఒక ప్రక్కకు జరుపును. పట్టికలోని చిరునామా మార్చును గనుక ప్రోగ్రామునకు ఈ సంగతియే తెలియదు. కాని కెర్నెల్ తన సొంతమునకు వాడుకొను పేజీలు పెక్కులు కదలవు. 512 పేజీల నడుమ అట్టిది ఒక్కటి నిలిచినను పెద్దపేజీ ఏర్పడదు. అందుచేత కదలువానిని, కదలనివానిని మొదటినుండియు వేర్వేరు తావులనుంచుటకు అది యత్నించును. ఈ యేర్పాటులో నాకు మిక్కిలి ముచ్చటగొలుపునది ఇదియే.

2011లో లినక్స్ 2.6.38 మొదలు, ప్రోగ్రాము కోరకయే పెద్దపేజీల నిచ్చు పద్ధతి వచ్చినది. ఇది అందఱికిని హితము కాలేదు. రెడిస్ అను దత్తాంశనిధిని నిర్మించినవారు, దీనివలన జాప్యము కలుగునని దీనిని ఆపివేయుడని తమ సూచనలలో వ్రాసిరి. అందులకే యంత్రపాలకునకు మూడు మార్గములున్నవి: ఎల్లప్పుడు ఇచ్చుట, కోరినవారికే ఇచ్చుట, ఎన్నడును ఇయ్యకుండుట. నా మట్టుకు నడిమిదే మేలని తోచుచున్నది. తన అవసరము ప్రోగ్రామునకే బాగుగా తెలియును.

మఱి 4 కిలోబైట్లకును 2 మెగాబైట్లకును నడుమ ఏమియు లేదా? 2024లో లినక్స్ 6.8 ఆ లోటు తీర్చినది. 16, 32, 64 కిలోబైట్ల ఖండములను గూడ కెర్నెల్ ఇయ్యగలిగినది. ఆ సంవత్సరమే వెలువడిన ఆండ్రాయిడ్ 15, మూలపేజీయే 16 కిలోబైట్లుగా గల ఫోనులకు వీలు కల్పించినది. పేజీ యన్న 4 కిలోబైట్లే యని నమ్మి యంత్రభాషలోనికి కూర్చిన ప్రోగ్రాములు అట్టి ఫోనులలో సరిగా నడువకపోవచ్చును. వానిని మరల కూర్చవలసినదే.