కంప్యూటరు డిస్కునకు ప్రతి తీయుట

పంటలో కొంత విత్తనముగా వేరుచేసి దాచుట మనకు తెలిసిన జాగ్రత్తయే. సహకార సంఘపు కంప్యూటరుకును ఇట్టి జాగ్రత్త కావలెను. దానిని నడపు విండోసు వంటి వ్యవస్థయు, సభ్యుల ఖాతాలును లోపలి డిస్కులోనే యుండును. డిస్కు చెడినచో రెండును పోవును. వైరసు భయమును కలదు. 2017 మే నెలలో, ఫైళ్లకు తాళము వేసి డబ్బడిగిన వన్నాక్రై వైరసునకు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని చిక్కినవి.

రక్షణకు రెండు మార్గములను మేమిచట వివరించుచున్నాము. డిస్కులోని సమస్తమును మరియొక డిస్కునకు ఉన్నదున్నట్లు ఎక్కించుట క్లోనింగ్. మొదటిది చెడినచో రెండవదానిని బిగించి పని సాగించవచ్చును. సమస్తమును ఒకే ఫైలుగా కుదించి దాచుట ఇమేజి. పెద్ద డిస్కులో పలు తేదీల ఇమేజిలు పట్టును. కాని తిరిగి ఎక్కించుటకు వ్యవధి కావలెను.

క్లోనింగులో రెండవ డిస్కునందు పూర్వమున్నదంతయు చెరిగిపోవును. కావున మూలమేదో, ప్రతియేదో రెండుమారులు సరిచూచుకొనవలెను. పని ముగియగానే ప్రతిని ఊడదీసి వేరొకచోట దాచవలెను. తగిలించియే యుంచినచో వైరసు దానినిగూడ పట్టును.

విత్తనమునకు మొలక పరీక్ష చేయుదుము గదా! అట్లే ప్రతితో కంప్యూటరు నడచునో లేదో ముందే చూచుకొందము. ఖాతాలు దినదినము మారును గనుక ప్రతినిగూడ నియమముగా క్రొత్తగా తీయుచుండవలెను.