గొడుగులో టార్చి

చిరంజీవి కావ్యకు,

నీ ఉత్తరం, గొడుగు బొమ్మ అందాయి. పిడిలో టార్చి పెట్టావు, బాగుంది. వానలో కరెంటు పోయిన రాత్రి మీ అమ్మకు పనికొస్తుంది. పేటెంటు మాత్రం రాదు. అలగకుండా చివరిదాకా చదువు.

మన పేటెంటు ఆఫీసు పాత మాన్యువల్‌లో, ఇలాంటివాటికి పేటెంటు ఇవ్వకూడదంటూ మూడు ఉదాహరణలుండేవి. ఫ్యాను బిగించిన గొడుగు, టార్చి తగిలించిన బకెట్టు, ఒకే పెట్టెలో గడియారమూ ట్రాన్సిస్టరూ. నీ గొడుగు మొదటి రెంటికీ పుట్టిన బిడ్డ! గిండీ పేటెంటు ఆఫీసు చుట్టూ తిరిగిన రోజుల్లో ఇలాంటి బిడ్డల్ని ఎందరినో చూశాను. 1970 పేటెంట్ల చట్టంలో 3(ఎఫ్) అనే సెక్షను ఉంది. తెలిసిన వస్తువుల్ని ఒకచోట చేర్చినా, దేని పని అది విడిగా చేసుకుపోతుంటే దాన్ని ఆవిష్కరణగా లెక్కించరు.

మా అమ్మ కత్తిపీట గుర్తుందా? కొసన కొబ్బరికోరు ఉండేది. వంకాయలు తరిగేటప్పుడు కోరుకు పని లేదు, కొబ్బరి కోరేటప్పుడు కత్తికి పని లేదు. ఒకే పీట మీద ఉన్నందుకు ఒకదానికొకటి చేసిన సాయమేమీ లేదు. అమెరికాలో సరిగ్గా ఇలాంటి తగవే పెన్సిలు మీద వచ్చింది. పెన్సిలు చివర రబ్బరు పెట్టినందుకు 1858లో లిప్‌మన్ అనే ఆయనకు పేటెంటిచ్చారు. దాన్ని రెకెండార్ఫర్ అనే వ్యాపారి లక్ష డాలర్లకు కొన్నాడంటారు. తీరా పెన్సిళ్ళు చేసే ఫేబర్ మీద దావా వేస్తే, 1875లో అక్కడి సుప్రీంకోర్టు పెన్సిలు పెన్సిలే, రబ్బరు రబ్బరే అని తేల్చి పేటెంటు చెల్లదంది. పాపం రెకెండార్ఫర్!

జతచేసినవాటి సంగతి సరే. అసలు చిక్కు అబ్వియస్‌నెస్‌ది. ఇది ఎవరికైనా తట్టేదే కదా అంటారు. ఆ ఎవరైనా ఎవరు? పెద్ద శాస్త్రవేత్త కాదు, దారిన పోయేవాడూ కాదు. ఆ పనిలో చేయి తిరిగినవాడు. అప్పటికి లోకానికి తెలిసినదంతా వాడికి తెలుసనుకోవాలి. అదంతా ముందుంచుకుని, నీ పరిష్కారానికి వాడు మామూలుగా చేరగలడా అన్నదే ప్రశ్న.

మన సుప్రీంకోర్టు దీన్ని గిన్నెల కేసులో తేల్చింది. మీర్జాపూర్‌లో ఇత్తడి పాత్రలు చేసే రెండు సంస్థల తగవది. పళ్ళేన్ని లేతు మీద తిప్పి గీకి మెరుగు పెట్టాలంటే, పాత పద్ధతిలో హెడ్‌స్టాక్ అనే తిరిగే భాగానికి జిగురుతో అతికించేవారు, లేదా చక్ అనే పట్టులో బిగించేవారు. అది తిరుగుతూ తిరుగుతూ ఊడి పనివాడి మీదికి ఎగిరేది. ఒక సంస్థ ఎదుటివైపు నుంచి టెయిల్‌స్టాక్‌తో నొక్కిపట్టే ఏర్పాటు చేసి, 1951 నుంచి అమలయ్యేలా పేటెంటు తీసుకుంది. ఉపయోగమైన మార్పే, కాదనను. కానీ టెయిల్‌స్టాక్ లేతు పనివాళ్లకు కొత్తదా? పేటెంటు రద్దయింది. హైకోర్టులో ఒక జడ్జి కొట్టేస్తే అక్కడే డివిజన్ బెంచి నిలబెట్టింది, సుప్రీంకోర్టు మళ్ళీ కొట్టేసింది. అది తేటతెల్లమైన విషయమేనని తేలడానికి 1978 డిసెంబరు దాకా పట్టింది చూడు.

ఎందుకంత కష్టమంటే, జవాబు చూశాక కళ్ళు మోసం చేస్తాయి. పొడుపు కథ విప్పాక "ఓస్, ఇంతేనా" అనని పిల్లవాడున్నాడా? చేనేతవాళ్ళ కోసం చింతకింది మల్లేశం చేసిన ఆసుయంత్రం చూసినప్పుడు నాకూ ముందు అలాగే అనిపించింది. మోటారు, మేకులు, దారం, అన్నీ తెలిసినవే. కానీ పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చేయి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తరతరాలుగా ఎందరి భుజాలు అరిగిపోయాయో! ఆ పనిలో చేయి తిరిగినవాళ్ళకు కొదవా? అంత సులువైతే ముందే ఎవరో చేసుండేవారు. తల్లి లక్ష్మి నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టిన ఆయనకు అది 1999లో గాని పూర్తి కాలేదు. తట్టేదే అనే ముందు, ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదని అడుగు. పేటెంటు ఆఫీసు పరీక్షకుడు అడగకపోతే నువ్వు వాదించు.

ఇక నీ గొడుగు. టార్చికి బ్యాటరీ తీసెయ్యి. బట్ట మీద చినుకు పడే తాకిడితోనే దీపం వెలిగేలా చేయగలవా? అప్పుడు గొడుగు లేకపోతే దీపం లేదు, రెండూ కలిసి పనిచేస్తున్నట్టే. అదీ ఇప్పటికే ఎవరైనా రాసి ఉండొచ్చు. పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో వెతకడానికి డబ్బులక్కర్లేదు, రెండు రాత్రులు కూర్చో. ఏదైనా దొరికితే దాన్నుంచి నీది ఎక్కడ వేరో కాగితం మీద పెట్టు.

దరఖాస్తు పడేదాకా కాలేజీ ప్రదర్శనలో పెట్టకు, ఫోన్లో ఫొటోలు పంచకు. దసరాకి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా, ఇద్దరం చూద్దాం.

మీ పెదనాన్న